పాత కంప్యూటర్‌ను పరిశోధనకు అప్పగించడం ఎలా: బోయింక్‌ను గడువు తప్పకుండా నడిపే పద్ధతి

మూలన పడి ఉన్న కంప్యూటర్‌ను పరిశోధనకు వాడవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. అందుకు వాడే ప్రోగ్రామ్ బోయింక్. పరిశోధన ప్రాజెక్టుల సర్వర్ల నుంచి లెక్కల ముక్కలను, అంటే టాస్కులను, తెచ్చుకుని మీ కంప్యూటర్‌తో చేయించి తిరిగి పంపుతుంది. దాన్ని పెట్టి నెల తిరగకుండానే తీసేసినవాళ్లు ఇంకా ఎక్కువమంది. ఫ్యాన్ రొద భరించలేక కొందరు తీసేశారు, వచ్చిన టాస్కులన్నీ గడువు దాటిపోయాయని మరికొందరు. వివరాలు కనుక్కుంటే దాదాపు అందరిదీ ఒకే పొరపాటు. పాత యంత్రాన్ని కొత్త యంత్రంలాగే నడిపారు.

ప్రాజెక్టు సర్వర్‌కు మీ ప్రాసెసర్ ఎంత పాతదన్నది పట్టదు. పంపిన టాస్క్ గడువులోగా, తప్పు లేకుండా తిరిగి రావాలి, అంతే. రెండు టాస్కులు తీసుకుని రెండూ ముగించే యంత్రం ఉపయోగపడుతుంది. ఇరవై తీసుకుని పదిహేను ఎగ్గొట్టే యంత్రం అవతలివాళ్ల పనిని కూడా ఆలస్యం చేస్తుంది. కింద చెప్పిన క్రమమంతా ఈ ఒక్క విషయం కోసమే. వరుస మార్చకండి, ముఖ్యంగా 5వ అంచెలో.

1. ముందు కరెంటు లెక్క

గోడ ప్లగ్గుకీ కంప్యూటర్‌కీ మధ్య పెట్టే వాట్ మీటరు ఒకటి సంపాదించండి. యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు తీసుకుంటోందో, ప్రాసెసర్ పూర్తి పనిలో ఉన్నప్పుడు ఎన్ని తీసుకుంటోందో రాసుకోండి.

పూర్తి పనిలో 90 వాట్లు అనుకుందాం. రోజంతా నడిస్తే 2.16 యూనిట్లు, 30 రోజులకు దాదాపు 65 యూనిట్లు. దీన్ని మీ బిల్లులోని యూనిట్ ధరతో గుణించండి. వచ్చిన మొత్తం చూసి మనసు చివుక్కుమంటే, యంత్రాన్ని దీనికోసమే ఆన్‌లో ఉంచే ఆలోచన మానుకోండి. వేరే అవసరానికి అది ఎలాగూ ఆన్‌లో ఉండేదైతే లెక్క మారుతుంది. ఖాళీగా 50 వాట్లు, పనిలో 90 అయితే బోయింక్ ఖాతాలో పడేది తేడా 40 వాట్లే.

ఏ యంత్రాలు పనికొస్తాయన్న విషయంలో నా గీత ఇది:

- పెంటియమ్ 4, అథ్లాన్ ఎక్స్‌పీ కాలం నాటివి: వద్దు. 2004లో వచ్చిన ప్రెస్కాట్ రకం పెంటియమ్ 4లలో కొన్నింటికి ప్రాసెసర్ ఒక్కటే 115 వాట్ల వరకు ఉష్ణం వెలువరిస్తుందని తయారీదారే లెక్క ఇచ్చాడు. ఆ కరెంటుకు దక్కే ఫలితం చాలా తక్కువ.
- కోర్ 2 డుయో, 4 గిగాబైట్ల ర్యామ్: వేరే పనికి ఆన్‌లో ఉండేటట్లయితే సరే.
- 2011లో వచ్చిన రెండో తరం కోర్ ఐ3, ఐ5, ఐ7, ఆ తరువాతివి: నిశ్చింతగా పెట్టండి. ఒకేసారి ఎక్కువ లెక్కలు చేయించే ఏవీఎక్స్ సూచనలు వీటి నుంచే మొదలయ్యాయి కాబట్టి కొన్ని ప్రాజెక్టుల్లో తేడా బాగా కనిపిస్తుంది.
- ఆటమ్ ప్రాసెసర్ నెట్‌బుక్‌లు: కరెంటు తక్కువే తాగుతాయి కానీ నత్తనడక. గడువు ఎక్కువున్న ప్రాజెక్టులకే.

ప్రాసెసర్ 32 బిట్‌దైతే ఇక్కడే ఆగిపోవడం మేలు. దానికి టాస్కులు ఇచ్చే ప్రాజెక్టులు ఏటా తగ్గిపోతున్నాయి.

మరొక మాట. యంత్రం తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగా మారి గదిలోకే వస్తుంది. చలి రోజుల్లో నడిపి, ఎండలు ముదిరినప్పుడు ఆపేసేవాళ్లున్నారు. అది తెలివైన పద్ధతే, సిగ్గుపడాల్సిన పని లేదు.

యంత్రం మీదై ఉండాలి, లేదా యజమాని అనుమతి ఉండాలి. ఆఫీసు కంప్యూటర్లో చెప్పకుండా పెట్టడం ఉద్యోగం మీదికి తెచ్చుకోవడమే.

2. మూత తెరవండి

చాలామంది దాటేసే అంచె ఇది. రోజుకు గంటసేపు వాడిన యంత్రం బోయింక్ కింద 24 గంటలూ పూర్తి వేడిలో ఉంటుంది. అన్నేళ్లూ దాగి ఉన్న లోపాలు మొదటి వారంలోనే బయటపడతాయి.

ప్లగ్గు తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన విద్యుత్తు పోనివ్వండి. బ్రష్షుతోనో బ్లోయర్‌తోనో దుమ్ము దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టి ఉంచండి. గాలికి అది గిర్రున తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

పైపైన శుభ్రంగా కనిపించిందని వదిలేయకండి. అసలు దుమ్ము ఫ్యాన్‌కీ, ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మె హీట్‌సింక్‌కీ మధ్య ఉంటుంది, ఫ్యాన్ విప్పితేనే కనిపిస్తుంది. నా పాత డెస్క్‌టాప్ పూర్తి పనిలో 92 డిగ్రీలకు చేరేది. ప్రాసెసర్ పని అయిపోయిందనుకున్నాను. నాలుగు స్క్రూలు విప్పితే ఫ్యాన్ అడుగున కంబళి ముక్కలా దళసరిగా, అంచులు కత్తిరించినట్టు చతురస్రాకారంలో దుమ్ము పేరుకుని ఉంది. రెండు వేళ్లతో పట్టుకుంటే మొత్తం ఒకే ముక్కగా ఊడివచ్చింది. ఆ రోజు నుంచి 68 దాటలేదు.

ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ మార్చాలనుకుంటే ముందు యంత్రాన్ని పది నిమిషాలు నడిపి ప్రాసెసర్‌ను వేడెక్కనివ్వండి. ఆ తరువాత కరెంటు తీసి, హీట్‌సింక్‌ను కొద్దిగా అటూ ఇటూ తిప్పి, అప్పుడు పైకి లాగండి. చల్లగా ఉన్నప్పుడు నేరుగా లాగితే ఎండిన పేస్ట్ జిగురులా పట్టేసి, పాత ఏఎమ్‌డీ బోర్డుల్లో ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడివస్తుంది. వంగిన పిన్నుల్ని సూదితో సరిచేసుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది.

తరువాత మదర్‌బోర్డు మీది నాణెం ఆకారపు సీఆర్2032 బ్యాటరీ. పదేళ్లు దాటిన యంత్రమైతే అడగకుండానే మార్చేయండి. ఎందుకో 7వ అంచెలో తెలుస్తుంది.

మూత వేసే ముందు సరిచూసుకోండి:

- ఫ్యాన్లన్నీ తడబడకుండా తిరుగుతున్నాయా?
- కెపాసిటర్ల నెత్తిన ఉబ్బుగానీ, అడుగున గోధుమరంగు కారినట్టుగానీ ఉందా? ఉంటే ఆ బోర్డును ఈ పనికి వాడకండి.
- పవర్ సప్లైలోంచి మాడు వాసన వస్తోందా?
- ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను రాత్రంతా నడిపారా? ఒక్క తప్పు చూపినా ఆ ర్యామ్ కడ్డీ తీసేయండి. ఒక్క బిట్ తిరగబడినా రెండు రోజుల లెక్క వృథా.
- హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ నివేదికలో చెడిపోయిన సెక్టార్ల సంఖ్య పెరుగుతోందా?

3. ఆపరేటింగ్ సిస్టమ్

విండోస్ ఎక్స్‌పీ, విండోస్ 7 ఉన్న యంత్రాన్ని రోజంతా ఇంటర్నెట్‌కు తగిలించి ఉంచకండి. విండోస్ 10కు కూడా సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

పాత యంత్రానికి తేలికపాటి లినక్స్ సరైన జోడి. డెబియన్, లుబుంటు, మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఏదైనా సరే. డెబియన్ 13 నుంచి 32 బిట్ యంత్రాలకు ఇన్‌స్టాలర్ లేదని గుర్తుంచుకోండి. యంత్రాన్ని ఈ పనికే కేటాయిస్తే డెస్క్‌టాప్ హంగులు అసలు పెట్టకండి. మిగిలిన ర్యామ్ టాస్కులకు పనికొస్తుంది.

బోయింక్‌ను ఆ లినక్స్ సొంత ప్యాకేజీ భాండారం నుంచే ఇన్‌స్టాల్ చేయండి. అలా చేస్తే అది తనకంటూ ఒక ప్రత్యేక యూజర్ కింద నడుస్తుంది, మీ ఫైళ్ల జోలికి రాదు.

యంత్రం నిద్రలోకి జారుకునే సెట్టింగ్ ఆపేయండి. ఇది మరిచిపోయి, రాత్రంతా నడిచిందనుకుని పొద్దున చూస్తే పది నిమిషాల పనే జరిగి ఉంటుంది.

4. ప్రాజెక్టు ఎంచుకోవడం

ముందుగా, గ్రహాంతర జీవుల సంకేతాలు వెతికిన సెటీఎట్‌హోమ్ గురించి అడిగేవారికి: అది 2020 మార్చి 31 నుంచి కొత్త పని పంపడం ఆపేసింది. దాని కోసం వెతకకండి.

ఏ శాస్త్రం మీకు ఇష్టమో ఆలోచించే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒక్కో టాస్క్‌కు ఎంత ర్యామ్ కావాలి? గడువు ఎన్ని రోజులు? కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్ తప్పనిసరా?

ఐన్‌స్టైన్‌ఎట్‌హోమ్: పల్సార్లు (వేగంగా తిరిగే ఒక రకం నక్షత్రాలు), గురుత్వ తరంగాల వేట. సాధారణంగా 14 రోజుల గడువు. మొదటి ప్రాజెక్టుగా నా ఓటు దీనికే.

ప్రైమ్‌గ్రిడ్: ప్రధాన సంఖ్యల అన్వేషణ. ఇందులో చిన్నవి, రోజుల తరబడి నడిచేవి రకరకాల ఉపప్రాజెక్టులుంటాయి. ఖాతా పేజీలో చిన్నవాటికే టిక్కు పెట్టండి. ఇది ప్రాసెసర్‌ను గట్టిగా వేడెక్కిస్తుంది కూడా.

ఆస్టరాయిడ్స్‌ఎట్‌హోమ్: కాంతి మార్పుల ఆధారంగా గ్రహశకలాల ఆకారం కట్టే పని. ర్యామ్ తక్కువ చాలు.

వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్: వైద్య పరిశోధన. పని దొరకని రోజులుంటాయి, జంటగా ఇంకొకటి పెట్టుకోండి.

రోజెట్టాఎట్‌హోమ్: ప్రోటీన్ల నిర్మాణం. విషయం ఆకర్షణీయమే కానీ టాస్క్‌కు గిగాబైట్ పైన ర్యామ్ అడగవచ్చు, గడువు మూడు రోజుల చొప్పున ఉంటుంది. రోజుకు నాలుగు గంటలు నడిచే పాత యంత్రానికి ఇది నప్పదు.

ఎల్‌హెచ్‌సీఎట్‌హోమ్‌లోని చాలా పనులకు వర్చువల్‌బాక్స్ కావాలి, 4 గిగాబైట్ల యంత్రం దాన్ని మోయలేదు. క్లైమేట్‌ప్రిడిక్షన్ గడువు విషయంలో ఉదారమే, కానీ ఒక్కో టాస్క్ రోజుల తరబడి నడుస్తుంది, డిస్కూ ఎక్కువ తింటుంది. మాటిమాటికీ ఆపే యంత్రం మీద అది మధ్యలోనే కూలే ప్రమాదం ఉంది. ఫోల్డింగ్‌ఎట్‌హోమ్ బోయింక్‌లో భాగం కాదు, దాని సాఫ్ట్‌వేర్ వేరు. త్వరగా తిరిగిచ్చిన వాళ్లకు అదనపు పాయింట్లిచ్చే పద్ధతి దానిది, పాత యంత్రానికి అక్కడ నిరాశే.

రెండు ప్రాజెక్టులు చాలు. ఒకటి ప్రధానం, రెండోది ఆపద్ధర్మం. రెండో దానికి ఖాతా పేజీలో వనరుల వాటాను, అంటే రిసోర్స్ షేర్‌ను, 0గా పెట్టండి. మొదటిదానిలో పని లేనప్పుడు మాత్రమే అది టాస్క్ తెచ్చుకుంటుంది. ఆరు ప్రాజెక్టులు తగిలించి అన్నిటికీ సమాన వాటా ఇచ్చేవాళ్లను చూశాను. ఆ యంత్రాలు అన్నిట్లో తలా కాస్త చేసి, ఏదీ గడువులోగా ముగించవు.

పాత గ్రాఫిక్స్ కార్డును ఇందులోకి లాగకండి. డ్రైవర్లతో తంటాలే మిగులుతాయి.

5. సెట్టింగులు ముందు, ప్రాజెక్టు తరువాత

బోయింక్ మేనేజర్ తెరవగానే ప్రాజెక్టు కలపమని ఒక విండో వస్తుంది. దాన్ని మూసేయండి. ప్రాజెక్టు కలిపిన మరుక్షణం అది టాస్కులు దించేసుకుంటుంది. మీరు సెట్టింగులు మార్చే లోపే గంపెడు పని నెత్తిన పడుతుంది.

అడ్వాన్స్‌డ్ వ్యూలోకి మారి, కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్ తెరిచి ఇవి మార్చండి:

- వాడే ప్రాసెసర్ల శాతం: 50. రెండు కోర్లుంటే ఒకటి, నాలుగుంటే రెండు. వేడి అదుపులో ఉందని వారం చూశాక పెంచుకోవచ్చు.
- ప్రాసెసర్ సమయం శాతం: 100.
- నిల్వ ఉంచే పని: 0.1 రోజు, అదనంగా 0. ఇంటర్నెట్ రోజంతా ఉంటే నిల్వతో పనే లేదు.
- టాస్కుల మధ్య మారే వ్యవధి: 60 నిమిషాల నుంచి 240కి పెంచండి.
- ర్యామ్: మీరు వాడుతున్నప్పుడు 50 శాతం, వాడనప్పుడు 75 శాతం.
- ఆగిన టాస్కులను మెమరీలోనే ఉంచడం: 4 గిగాబైట్లు, ఆపైన ఉంటే టిక్కు పెట్టండి.
- చెక్‌పాయింట్ (చేసినంత పనిని డిస్క్‌లో భద్రపరచడం) వ్యవధి: 60 సెకన్లు, అలాగే వదిలేయండి.

మొదటి రెండింటి గురించి గట్టిగా చెప్పాలి. వేడి తగ్గించడానికి చాలామంది అన్ని కోర్లూ వాడుతూ సమయం 60 శాతానికి తగ్గిస్తారు. అప్పుడు బోయింక్ కొన్ని సెకన్లు పనిచేసి కొన్ని సెకన్లు ఆగుతూ ఉంటుంది. ఉష్ణోగ్రత ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, ఫ్యాన్ రంపంలా లేచి పడుతూ మొరుగుతుంది. దానికంటే తక్కువ కోర్లను నిలకడగా నడిపితే యంత్రానికీ మీ చెవులకూ హాయి.

ఇక్కడ మార్చిన సెట్టింగులు ఆ కంప్యూటర్‌కే వర్తిస్తాయి, వెబ్‌లో పెట్టిన వాటిని పక్కకు నెడతాయి. తరువాత ఖాతా పేజీలో ఎంత మార్చినా ఇక్కడ కదలిక ఉండదు. "ఎంత మార్చినా పట్టడం లేదు" అనే ఫిర్యాదుకు సాధారణంగా కారణం ఇదే.

ఇప్పుడు ప్రాజెక్టు కలపండి. మొదటి టాస్కు దిగగానే ఆ ప్రాజెక్టును ఎంచి 'నో న్యూ టాస్క్స్' బటన్ నొక్కండి. మొదటిది ముగిసేదాకా రెండోది వద్దు.

6. మొదటి 48 గంటలు

మొదటి అరగంట ఉష్ణోగ్రత కనిపెట్టి ఉండండి. లినక్స్‌లో ఎల్‌ఎమ్ సెన్సర్స్, విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో చాలు. నేను 75 డిగ్రీల దగ్గర గీత గీసుకున్నాను. 85 దాటితే ఆపి 2వ అంచెకు వెళ్లండి.

మిగిలిన సమయం అని బోయింక్ చూపే అంకెను నమ్మకండి. కొత్తగా చేరిన యంత్రం గురించి సర్వర్‌కు ఏమీ తెలియదు. పదికి పైగా టాస్కులు సరైనవిగా తేలాకే ఆ అంచనా దారికొస్తుంది. అంతవరకు లెక్క మీరే వేసుకోండి.

రెండు గంటల్లో 8 శాతం అయితే మొత్తం 25 గంటలు. మీ యంత్రం రోజుకు ఐదు గంటలు నడిస్తే ఐదు రోజులు. గడువు 14 రోజులైతే ఢోకా లేదు. మూడు రోజులైతే ఆ ప్రాజెక్టు మీది కాదు.

తరువాత టాస్క్ మీద నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. గడిచిన సమయం పది గంటలు, ప్రాసెసర్ సమయం ఆరు గంటలు అని ఉంటే, మిగతా నాలుగు గంటలు ఎవరో తినేస్తున్నారు. బ్రౌజర్, యాంటీవైరస్, ర్యామ్ చాలక డిస్క్ మీద జరిగే పేజింగ్, వీటిలో ఒకటి అయ్యుంటుంది.

అక్కడే చివరి చెక్‌పాయింట్ తరువాత గడిచిన ప్రాసెసర్ సమయం కూడా ఉంటుంది. యంత్రం ఆపే ముందు దాన్ని ఒకసారి చూడండి. రెండు నిమిషాలని ఉంటే ఆపేయవచ్చు. గంటన్నర అని ఉంటే ఆ గంటన్నర పనీ పోతుంది, రేపు మళ్లీ మొదలు.

ముగిసిన ఫలితం ఖాతా పేజీలో 'పెండింగ్' అని ఉంటే కంగారుపడకండి. చాలా ప్రాజెక్టులు ఒకే పనిని ఇద్దరికి పంపి, ఫలితాలు సరిపోలాకే అంగీకరిస్తాయి. రెండో వ్యక్తి యంత్రం కూడా మీలాగే పాతదై ఉండవచ్చు.

అది సరైనదిగా తేలాక 'అలౌ న్యూ టాస్క్స్' నొక్కి మామూలుగా నడవనివ్వండి.

7. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారి

సర్వర్‌తో కలవడం లేదు, సర్టిఫికెట్ తప్పు అంటోంది. ముందు గడియారం చూడండి. నా యంత్రాల్లో ఒకటి ప్రతి ఉదయం ఇలాగే మొరాయించేది. రౌటర్ మార్చాను, బోయింక్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. మూడో రోజు బయోస్ తెరిస్తే తేదీ 2009 జనవరి 1. నాణెం బ్యాటరీ చచ్చిపోవడంతో ప్లగ్గు తీసిన ప్రతిసారీ యంత్రం తాను పుట్టిన ఏడాదికి వెళ్లిపోతోంది. ఆ తేదీకి సర్వర్ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. గడియారం సరిగానే ఉంటే బోయింక్ మరీ పాతదేమో చూడండి. 2021 సెప్టెంబర్ 30న ఒక ప్రధాన మూల సర్టిఫికెట్ కాలం తీరింది, ఆనాటి కంటే పాత బోయింక్‌లు చాలావరకు అక్కడే చిక్కుకున్నాయి. కొత్త వెర్షన్ వేస్తే సరిపోతుంది.

టాస్కులు రావడం లేదు. ఊహించవద్దు, ఈవెంట్ లాగ్ చదవండి. ర్యామ్ చాలదనో, డిస్క్‌లో చోటు లేదనో, ఈ రకం యంత్రానికి అప్లికేషన్ లేదనో, ప్రాజెక్టులోనే పని లేదనో అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. అప్‌డేట్ బటన్ పదిసార్లు నొక్కితే పని రాదు.

వచ్చిన టాస్కులు క్షణాల్లో విఫలమవుతున్నాయి. కావాల్సిన లైబ్రరీ లేకపోవచ్చు, యాంటీవైరస్ ఆ ఫైలును ఎత్తుకుపోయి ఉండవచ్చు. విండోస్‌లో బోయింక్ డేటా ఫోల్డర్‌ను యాంటీవైరస్ తనిఖీ నుంచి మినహాయించండి.

టాస్కులు చివరిదాకా నడిచి చెల్లనివిగా తేలుతున్నాయి. ఇది యంత్రం లోపం. వేడి, ర్యామ్, ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను నిర్ణీత వేగానికి మించి నడపడం), ఈ వరుసలో వెతకండి. సరయ్యేదాకా కొత్త పని తీసుకోకండి.

మెమరీ కోసం ఆగినట్లు చూపుతోంది. ఒక కోర్ తగ్గించండి. రెండు టాస్కులు కుంటుతూ నడవడం కంటే ఒకటి సాఫీగా నడవడం నయం.

గడువు దాటేలా ఉంది. మరీ పెద్ద తేడా ఉంటే మొహమాటపడకుండా అబార్ట్ చేయండి. మీరు రద్దు చేస్తే సర్వర్ దాన్ని ఇంకొకరికి పంపుతుంది. ఊరుకుంటే గడువు ముగిసేదాకా ఎదురుచూస్తుంది, మీ జతగాడి ఫలితమూ అంతదాకా వేలాడుతుంది.

8. ల్యాప్‌టాప్ అయితే

ఒక్క కోర్‌తో మొదలుపెట్టండి. అడుగున గాలి ఆడేలా నాలుగు మూలలా ఎత్తు పెట్టండి, పరుపు మీద ఉంచి నడపకండి. బ్యాటరీతో నడిచేటప్పుడు ఆగిపోవాలన్న సెట్టింగ్ ఉంచండి. బ్యాటరీ ఊడివచ్చే రకమైతే తీసేసి నేరుగా ఛార్జర్ మీద నడపడం మంచిది. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, అడుగు మూత ఎక్కడైనా విడినట్టున్నా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. వెంటనే ఆపేయండి.

9. ఆపేయాలనుకున్నప్పుడు

ఒకరోజు యంత్రాన్ని వదిలించుకుంటారు. ప్లగ్గు పీకేస్తే చేతిలోని టాస్కులు గడువు ముగిసేదాకా గాల్లో ఉంటాయి. ఈ వరుసలో వెళ్లండి:

- 'నో న్యూ టాస్క్స్' నొక్కి, ఉన్నవి ముగియనివ్వండి.
- ముగిశాక అప్‌డేట్ నొక్కి ఫలితాలు సర్వర్‌కు చేరాయని ఖాతా పేజీలో చూసుకోండి.
- మిగిలినవాటిని అబార్ట్ చేసి మళ్లీ అప్‌డేట్ నొక్కండి.
- ప్రాజెక్టును తొలగించి, ఆ తరువాతే బోయింక్‌ను తీసేయండి.
- బోయింక్ డేటా ఫోల్డర్‌ను చేత్తో చెరిపేయండి. ప్రోగ్రామ్ తీసేసినా అది డిస్క్‌లో మిగిలిపోవచ్చు. అందులోని ఖాతా ఫైళ్లలో మీ ఖాతా తాళం మామూలు అక్షరాల్లోనే ఉంటుంది, యంత్రం ఎవరి చేతికి వెళ్తే వారు దాంతో మీ ఖాతాలోకి రావచ్చు.